పడమటి సీమ చరిత్ర: పండించువాడు, నేయువాడు, నడుమ సుంకము

గత భాగమును 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాను పదచ్యుతితో ముగించితిమి. అంతవరకు తుంగభద్రకు దక్షిణముననున్న యీ నల్లరేగడి నేల రెండు ప్రభుత్వముల పాలై యుండెను. 1800వ సంవత్సరపు సంధివలన నిజాము కుంఫిణీవారికి విడిచిన దత్తమండలములలో ఆదోని చేరగా, దానికి తూర్పున నవాబుగారి సీమ కప్పము గట్టుచు వేరుగ నిలిచియుండెను. నవాబు పోయిన పిమ్మట ఉభయప్రాంతములును ఒకే జెండా క్రిందికి వచ్చినను జిల్లాలు మాత్రము ఏకము కాలేదు. ఆదోని బళ్ళారి జిల్లాలోను, గూడూరు కర్నూలు జిల్లాలోను ఉండి, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించినప్పుడు గాని ఒక కలెక్టరు క్రిందికి రాలేదు.

పాలకులు గీసిన గీతలు ఇట్లు చెరుగుచు మారుచుండగా మారని సంగతి యొకటి కలదు. ఈ ప్రాంతమున పత్తి పండించువాడును, నూలు కొని నేయువాడును ఇరుగుపొరుగువారు. గూడూరు, కోడుమూరు, నాగలదిన్నె, ఎమ్మిగనూరు, ఆదోని, ఇవన్నియు ఊరి బయట చేలును ఊరిలోపల మగ్గములును గల తావులే. పత్తి ధర హెచ్చినచో రైతు ఇంట అప్పు తీరును, నేతగాని ఇంట మగ్గము ఆగును. తగ్గినచో కథ తలక్రిందగును. ఇట్టి పరస్పర వైరుధ్యములను చక్కబెట్టుటకే ప్రభుత్వమనునది యున్నదని లోకము తలచును. కాని 1861 మొదలు నేటి వరకు పత్తిపైనను నూలుపైనను గుడ్డపైనను వెలువడిన సుంకపు టుత్తరువులను వరుసగా చదివినవానికి, వాటిలో రైతును నేతగాడును దయనీయులుగా పేర్కొనబడుట కానవచ్చును గాని వారి మాట నడచినట్లు కానరాదు. మాట నడచినది మూడవవానిది. ఆ మూడవవాడు ఒకప్పుడు మాంచెస్టరులో నుండెను, తరువాత బొంబాయిలో నుండెను, నేడు తిరుప్పూరులో నున్నాడు. అతడు దుర్మార్గుడని చెప్పుట నా యుద్దేశము కాదు. అతని గోడు ఏలికలకు ఏల తొందరగా వినిపించెనో, ఆ వినికిడివలన గూడూరు వంటి యూరికి ఏమి సంభవించెనో చూచుటయే ఈ భాగమున నాకు గల పని.

పాతకథకు ముందు మన కన్నులయెదుట జరిగినదానిని చెప్పుట మేలు. ఏలయన దాని లంకెలు ఇంకను వేడిగా నున్నవి. 2022 ఫిబ్రవరిలో రష్యా యుక్రెయినుపై దండెత్తెను. పాశ్చాత్యరాజ్యములు రష్యాపై ఆంక్షలు విధింపగా, ఆ దేశము తన ముడిచమురును తగ్గింపు ధరకు అమ్మజూచెను; అంతకుమున్ను రష్యా చమురును నామమాత్రముగా కొనుచుండిన మనదేశము, కొలదికాలములోనే తన దిగుమతులలో మూడవవంతునకు పైగా అక్కడినుండియే తెప్పించుకొనసాగెను. మూడేండ్లు ఈ వ్యవహారమును చూచి చూడనట్లుండిన అమెరికా, 2025 ఆగస్టు 7 నుండి మన సరకులపై 25 శాతము సుంకము వేసినది చాలక, రష్యా చమురును కొనుచున్న నేరమునకు దండనగా ఆగస్టు 27 నుండి మరియొక 25 శాతము చేర్చెను. మొత్తము ఏబది శాతము. అమెరికా అంగళ్ళకు బనియన్లును దుప్పట్లును తువ్వాళ్ళును పంపెడి తిరుప్పూరు మొదలగు పట్టణములలో గగ్గోలు పుట్టెను. మన కోస్తా రొయ్యల చెరువులవారికిని ఆ దెబ్బయే తగిలినది గాని, అది వేరు ప్రకరణము.

అప్పుడు వస్త్రపరిశ్రమవారు ఢిల్లీకి పోయి అడిగిన యుపశమనములలో ముఖ్యమైనది విదేశపు పత్తిపై మనదేశము వేయుచుండిన 11 శాతము దిగుమతి సుంకమును ఎత్తివేయుట. ఈ సుంకము పాతది కాదు. 2021 ఫిబ్రవరి బడ్జెటులో, దేశీయరైతునకు మేలు కలుగునని చెప్పి, మూలసుంకము 5, వ్యవసాయ మౌలికసదుపాయముల సెస్సు 5, వాటిపై సర్‌చార్జి కలిపి 11 శాతముగా దానిని నిర్ణయించిరి. 2022లో దూది ధర కండికి లక్ష రూపాయలవైపు ఎగబ్రాకుచుండగా ఏప్రిలు నడిమి నుండి అక్టోబరు చివరి వరకు తాత్కాలికముగా దానిని తొలగించిరి. రైతు ఇంట పత్తి దాదాపు అయిపోయిన కాలమది, ధర మద్దతు ధరకు మిక్కిలి పైన నున్న కాలమది, గనుక ఆ తొలగింపు తప్పని నేనన జాలను. 2025 నాటి సంగతి వేరు. ఆగస్టు 18న వెలువడిన ప్రకటన మరునాటినుండి సెప్టెంబరు 30 వరకు సుంకమును మాఫీ చేయగా, పది దినములు గడచునంతలో ఆ గడువును డిసెంబరు 31కి పొడిగించిరి. పడమటి నేలలలో తొలితీత పత్తి సంచులకెక్కి, ఆదోని దారి పట్టెడి మాసములు సరిగా అవియే.

ఈ మాఫీ అమెరికాను ప్రసన్నము చేసికొనుటకు వేసిన మెట్టని కొందరు వ్యాఖ్యాతలు పలికిరి. మనకు పత్తి అమ్ముదేశములలో అమెరికా యొకటి గదా యని వారి తర్కము. ఆ మాఫీ బ్రెజిలు పత్తికిని ఆస్ట్రేలియా పత్తికిని సమానముగనే వర్తించినందున ఆ వాదము నాకంతగా రుచింపదు. ప్రకటనను కోరినది తిరుప్పూరు, ఇచ్చినది ఢిల్లీ, వాషింగ్టను సందర్భమును మాత్రము సమకూర్చెను.

ఆదోనిని రెండవ బొంబాయి యని పెద్దలు ముచ్చటగా చెప్పుకొందురు. అక్కడి మార్కెట్టు యార్డులోనికి ఉదయమున పోయినవానికి ఈ అంతర్జాతీయ వ్యవహారమంతయు ఎంత సన్నని సూదిబెజ్జమునుండి దూరి రైతును చేరునో కనబడును. మూటలు విప్పి లాట్లుగా పోసిన పత్తిప్రక్కన నిలిచిన కొనుగోలుదారు, కుప్ప పైభాగమును నమ్మక లోపలికి చేయి చొనిపి గుప్పెడు తీయును. గింజ నంటియున్న పింజను రెండు బొటనవ్రేళ్ళ నడుమ మెల్లగా సాగదీసి పొడవు చూచును. పిడికిట బిగించి విడిచి, అది పొంగిన తీరునుబట్టి తేమను అంచనా గట్టి, టెండరులో వ్రాయవలసిన ధరను మనసులో తేల్చుకొని ముందునకు సాగును. మాట లేదు, బేరము లేదు. అతని మనసులోని లెక్క యిది: నూరు కిలోల పత్తిని జిన్నింగు పట్టించినచో దూది ముప్పదిమూడు, ముప్పదినాలుగు కిలోలు వచ్చును, అరువదికి పైన గింజ, తక్కినది తరుగు. గింజ నూనెమిల్లులకు పోవును. దూది 356 కిలోల కండి లెక్కను నూలుమిల్లునకు పోవును. నూలుమిల్లువాడు కండికి ఎంత యిచ్చునో అది విదేశపు పత్తి రేవులో దిగినప్పుడు ఎంత పడునో దానిని మించి యుండజాలదు. సుంకము పోయిన దినముననే ఆ పైహద్దు దిగినది. దిగిన మేరకు జిన్నింగువాని లెక్క దిగినది. ఆ లెక్క ప్రకారము టెండరుచీటీలోని అంకె దిగినది. ఒక్క ఓడ రాకపోయినను ఇంతపనియు జరుగును. వచ్చునను భయమే చాలును.

దీనికి విరుగుడుగా కనీస మద్దతు ధర యున్నదందురు. 2025-26కు దానిని క్వింటాలుకు 589 రూపాయలు పెంచి, మధ్యరకము పింజకు 7,710, పొడవుపింజకు 8,110 రూపాయలుగా నిర్ణయించిన మాట నిజమే. కాని దానిని భారత పత్తి సంస్థ కొనుగోలు కేంద్రమున పొందవలెనన్నచో తేమ 8 శాతమునకు లోబడి యుండవలెను. 8 దాటిన కొలది ధరలో కోత పడును. 12 దాటినచో సరకును ముట్టనే ముట్టరు. వానలో తడిసి వచ్చిన తొలితీత పత్తికి 12 దాటుట వింత కాదు. ఆరబెట్టుకొనుటకు కళ్లమును ఓపికయును గలవానికి మద్దతు ధర, అప్పులవాడు వాకిట నిలిచినవానికి టెండరు ధర.

ఇక గూడూరు నేతగాని మాట. విదేశపు పత్తి చవుకైనచో నూలు చవుకగును గదా, అతడైనను సంతోషింపవలెను గదా యని చదువరి యడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. అయితే నూలుమిల్లులు సుంకపుమాఫీని అడిగినది ఎగుమతి వస్త్రములకై. చేమగ్గమునకు గావలసిన చిలపనూలు వారి వ్యాపారమున ఒక మూల. పత్తి పెరిగినచో చిలప ధర ఆ వారముననే పెరుగును. పత్తి తగ్గినచో నిలువయున్న పాతసరకు చెల్లువరకు తగ్గదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి యను సామెతలోని రెండు సగములను ఈ యూరిలో ఇరువురు పొరుగువారు పంచుకొనిరి.

ఇప్పుడు వెనుకకు పోవుదము.

1861 ఏప్రిలులో అమెరికా సంయుక్తరాష్ట్రములందు ఉత్తరదక్షిణముల నడుమ యుద్ధము పుట్టెను. లాంకషైరు మిల్లులకు గావలసిన పత్తిలో ఐదింట నాలుగుపాళ్ళు అక్కడి దక్షిణరాష్ట్రములనుండి, బానిసల చెమటతో తడిసి, వచ్చుచుండెను. ఉత్తరమువారి నౌకలు దక్షిణపు రేవులను దిగ్బంధింపగా లివర్‌పూలు బజారు తల్లడిల్లెను. పౌను ఏడెనిమిది పెన్నీలకు దొరకుచుండిన అమెరికా పత్తి 1864 నాటికి రెండు షిల్లింగులు దాటినది. లాంకషైరులో మిల్లులు మూతబడి లక్షలకొలది కూలీలు సహాయధనముపై బ్రతికిరి. అప్పుడు మాంచెస్టరు వణిజుల చూపు మనదేశముపై బడెను. నిజమునకు ఆ చూపు అంతకు ఇరువదియేండ్ల ముందే పడినది. 1840లో కుంఫిణీవారు అమెరికానుండి తోటదొరలను రప్పించి, ధార్వాడ, కోయంబత్తూరు ప్రాంతములందు అమెరికావిత్తును నాటించి చూచిరి. ధార్వాడలో అది కొంత నిలద్రొక్కుకొనెను. మన బళ్ళారి, ఆదోని నేలలలో మాత్రము నాటుపత్తియే నిలిచెను. వర్తకుల పరిభాషలో దానికి ‘వెస్టర్న్సు’ అని పేరు. నంద్యాల వైపుది ‘నార్తర్న్సు’. పింజ పొట్టిది, ఏరివేతలో ఆకుతుక్కు కలిసినది. అమెరికా పత్తి దొరకినన్నాళ్ళు లాంకషైరు దానిని చీదరించుకొనెను. యుద్ధకాలమున దానినే కళ్ళకద్దుకొనెను.

జె. టాల్‌బాయ్స్ వీలరు అను నుద్యోగి 1862లో మద్రాసు రాజధానిలోని పత్తిసాగును గూర్చి ఒక కరదీపిక అచ్చువేయించెను. అచ్చట ఎంత నేల కలదు, ఎంత పండును, ఎట్లు తోలవచ్చును అను ప్రశ్నలు ఆనాడు ప్రభుత్వపు కాగితములనిండ నుండెను. తోలుటయే కష్టము. రైలు లేదు. ఎద్దులబండ్లపైనను లంబాడీల పెరికెద్దులపైనను సరకు కనుమలు దాటి పశ్చిమతీరమునకో, నెలలతరబడి నడచి మద్రాసునకో చేరవలసియుండెను. ఐనను ధర యెట్టిదనగా ఆ ఖర్చులన్నియు పోను రైతు చేతిలో వాని తాత యెరుగని రూకలు పడినవి. చోళ్ళును జొన్నలును వేయు చేలలో పత్తి వేసిరి. బండిచక్రములకు ఇనుపకమ్మి తీసి వెండికమ్మి వేయించుకొనిరను కథ దక్కను పత్తిసీమ లన్నిట ప్రచారములో నున్నది. ఏ యూరివారిని అడిగినను అది ప్రక్కయూర జరిగినదని చెప్పుదురు గాన చరిత్రకారుడు దానిని కొంచెము దూరమున నుంచుట మంచిది. నగలు చేయించుకొనిరి, పెండ్లిండ్లు ఘనముగా చేసిరి, పాత అప్పులు కొన్ని తీర్చిరి అనుటలో సందేహము లేదు.

వీధికి ఆవలిప్రక్కన నేతగాని యింట ఆ నాలుగేండ్లును చీకటులే. నూలు ధర మిన్నంటెను. నేసిన గుడ్డకు ఆ మేరకు ధర రాలేదు, ఏలయన జొన్నలును మిరియమువలె మండుచుండగా కొత్తచీర కొనువారు లేరు. మద్రాసు రాజధాని యంతటను మగ్గములు ఆగి, నేతపనివారు కూలికిని వలసకును పోయిరి. ఒకే యుద్ధము ఒకే వీధిలో ఒకనికి పండుగయు మరియొకనికి పస్తును తెచ్చుట దీనియందువలె మరియెందును స్పష్టముగా కనబడదు.

1865 ఏప్రిలు 9న దక్షిణసేనాని లీ ఆయుధములు వదలెను. కొలది వారములలో లివర్‌పూలులో ధరలు కూలినవి. బొంబాయిలో ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ మొదలగువారి పేరు చెప్పుకొని ఆకాశమునకెగసిన వాటాల బజారు జూలై నాటికి నేలగూలినది. వాటాలు కొనినవారి దివాలాను చరిత్రగ్రంథములు విపులముగా వర్ణించినవి. వాటా యన నేమో యెరుగని ఆదోని తాలూకా రైతు సంగతికి వాటిలో అరపుటయు దక్కలేదు. చేలనిండ పత్తి వేసికొని గాదెలో జొన్నలు లేక యున్నవానికి 1866లో వానలు మొగము చాటు చేసినవి. బళ్ళారి జిల్లా క్షామపీడితమయ్యెను. ఇక రైలు! మాంచెస్టరువారు అంతగా ఆశించిన ఇనుపదారి గుంతకల్లు, ఆదోనులమీదుగా పోయి రాయచూరున బొంబాయి లైనును కలిసినది 1871లో, అనగా యుద్ధము ముగిసి ఆరేండ్లు గడచిన పిమ్మట. పత్తికై వేసిన యా పట్టాలమీద మొదటి గొప్ప యక్కర పడినది క్షామకాలపు ధాన్యమునకు.

1876లో రెండు ఋతుపవనములును విఫలమై, బళ్ళారి కర్నూలు జిల్లాలు మహాక్షామమున మ్రగ్గినవి. 1877 జనవరి 1న ఢిల్లీలో లిట్టను ప్రభువు రాణికి చక్రవర్తినీ బిరుదును చాటుచు దర్బారు జరుపుచుండగా, అదే నెలలో సర్ రిచర్డు టెంపులు మద్రాసు రాజధానికి వచ్చి, పనిచేయు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును అర్ధణాయును చాలునని కూలి తగ్గించెను. మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిషు ఇది ప్రాణము నిలుపజాలదని గట్టిగా వాదించెను. 1871, 1881 జనాభాలెక్కల నడుమ కర్నూలు జిల్లా జనసంఖ్యలో నాలుగవవంతునకు పైగా తరిగిపోయినదనుట ఆ వాదములో ఎవరి పక్షము సత్యమో చెప్పకయే చెప్పుచున్నది. చదువరి గమనింపవలసినది మరియొకటి కలదు. అదే 1877 జూలైలో, క్షామము మిక్కిలి క్రూరముగా నున్న దినములలో, లండనులోని కామన్సు సభ భారతదేశమున లాంకషైరు గుడ్డపై నున్న దిగుమతి సుంకమును వీలైనంత త్వరగా తీసివేయవలెనని తీర్మానించెను. 1879లో, ఖజానా క్షామవ్యయమువలనను ఆఫ్గను యుద్ధమువలనను వట్టిపోయియుండగా, తన కార్యాలోచనసభలో అధికసంఖ్యాకులు వద్దనినను త్రోసివేసి లిట్టను ముతకగుడ్డపై సుంకమును ఎత్తివేసెను. 1882లో తక్కినదియు పోయినది. (ఆ బ్రిటనుతోనే 2025 జూలై 24న మనదేశము కుదుర్చుకొనిన యొడంబడికలో మన వస్త్రములకు అక్కడ సుంకరహిత ప్రవేశమును అడిగి పుచ్చుకొంటిమి. కాలము కొన్ని లెక్కలను నెమ్మదిగా సరిచేయును.)

తరువాతి ముప్పదియేండ్లను త్వరగా దాటవచ్చును. రూపాయి విలువ దిగి బొక్కసము ఖాళీకాగా 1894లో సుంకము మరల వచ్చెను. లాంకషైరు అలుకను తీర్చుటకు మన మిల్లుల సరకుపై సరిసమానమైన ఎక్సైజును వెంటబెట్టుకొని వచ్చెను. 1896లో రెంటిని 3½ శాతమునకు దించి, నూలును మాత్రము పూర్తిగా వదలివేసిరి. ఈ కడపటి సంగతిని దేశభక్తిపూరితులైన మన చరిత్రకారులు ఒక పంక్తిలో దాటిపోవుదురు. నేను దాటలేను. ఏలయన నూలుపై సుంకము లేని ఆ కాలము చేనేతవానికి ఊపిరి పీల్చుకొన వీలైన కాలము. మిల్లుగుడ్డపై ఎక్సైజుండగా మగ్గపుగుడ్డపై అదియు లేకుండెను. మాంచెస్టరు స్వార్థమునకై చేసిన చట్టమున గూడూరు మగ్గము, ఎవరును ఉద్దేశింపకయే, నీడ పొందినది.

ఆ నీడను తొలగించినది పరాయి మిల్లు కాదు, మన మిల్లు. 1914-18 యుద్ధముతో బలిసిన బొంబాయి మిల్లులకు జపాను పోటీ తగిలెను. ఒసాకా మిల్లులు మన పొట్టిపింజ పత్తినే కొనిపోయి, నూలు వడకి, గుడ్డ నేసి, మరల మనకే చవుకగా అమ్మజొచ్చినవి. 1922లో నూలుపై 5 శాతము, 1927లో పౌనుకు కనీసము అణాన్నర చొప్పున దిగుమతి సుంకము పడెను. స్వదేశీ పరిశ్రమ రక్షణమని దానిని పిలిచిరి. ఖద్దరు ధరించిన సభ్యులును చేతులెత్తిరి. ఆ యణాన్నరను చెల్లించువాడెవడో ఆలోచించిన వారిలో ఆచార్య రంగాగారొకరు. చేనేతపనివారి ఆర్థికస్థితిని తరచిచూచి 1930లో వారొక గ్రంథమును వెలువరించిరి. స్వదేశీ మిల్లునకు రక్షణము, స్వదేశీ మగ్గమునకు పన్ను. ఈ రెండును ఒకే కాగితముపై నుండుట ఆనాడు అందరికిని సహజముగనే తోచినది.

1933లో వ్యవహారము ముదిరెను. జపాను యెన్ విలువను దించుకొనగా దాని గుడ్డ మన సంతలలోనికి వరదగట్టెను. భారతప్రభుత్వము 1904 నాటి వాణిజ్యపు టొడంబడికను రద్దుచేయుదుమని నోటీసిచ్చి, జూనులో బ్రిటిషేతర గుడ్డపై సుంకమును 75 శాతమునకు హెచ్చించెను. జపాను వణిజుల ప్రత్యుత్తరము సూటియైనది: మీ పత్తిని ముట్టము. ఆ సంవత్సరపు ఉత్తరార్ధమంతయు జపాను కొనుగోలుదారులు భారతీయ పత్తిని బహిష్కరించిరి. పడమటి నేలలవంటి పొట్టిపింజ పత్తికి లాంకషైరులో గిరాకి తక్కువ, బొంబాయికి గావలసినది కొంత, మిగిలినది జపానే. అప్పటికే ప్రపంచమాంద్యముతో నేలకరచియున్న ధరపై ఈ దెబ్బయు పడెను. శిస్తు మాత్రము రూపాయలలోనే చెల్లింపవలెను. సుంకమును హెచ్చించుమని అడిగినది రైతు కాడు. దాని ఫలమును అనుభవించినది అతడు.

సర్ జోసెఫ్ భోరు వాణిజ్యసభ్యుడుగా సాగించిన సంప్రతింపులు 1934 జనవరిలో ఒక యొప్పందమున ముగిసినవి. దాని నిబంధన చక్కని గణితము: జపాను మననుండి సంవత్సరమునకు 10 లక్షల బేళ్ల పత్తి కొనినచో 32 కోట్ల 50 లక్షల గజముల గుడ్డను మనకు అమ్మవచ్చును, 15 లక్షల బేళ్లు కొనినచో 40 కోట్ల గజముల వరకు అమ్మవచ్చును, సుంకము 50 శాతమునకు దిగును. పత్తిరైతును మిల్లుదారునితో పాటు త్రాసులో నుంచి తూచిన సుంకపుటొప్పందము, నేనెరిగినంతలో, ఇదియే మొదటిది. బేళ్లును గజములును ఒకదానికొకటి ముడివడినవి. ఒకరి దెబ్బకు మరియొకరి మందు దొరకినది. 2025 ఆగస్టులో ఢిల్లీలో కూర్చున్న అధికారులు ఈ పాతకాగితమును ఒక్కమారు తీసి చూచియుండిన, సుంకపుమాఫీకి ప్రతిగా మిల్లులు ఇన్ని బేళ్ల దేశీయపత్తిని మద్దతు ధరకు కొనవలెనని ఒక షరతును వ్రాయుటకు అంత కష్టపడియుండరు.

ఐతే 1934 నాటి త్రాసులోను చేనేతవానికి చోటు లేకపోయెను. ఆ యేడే చేసిన వస్త్రరక్షణ చట్టమున నూలుసుంకము నిలిచియే యుండెను. ఇతనికి జరిగిన యన్యాయము మరీ బాహాటమగుటచే, అదే సంవత్సరము సిమ్లాలో కూడిన పరిశ్రమల మహాసభానంతరము, చేనేతకై కేంద్రమునుండి సంవత్సరమునకు సుమారు 5 లక్షల రూపాయలు రాష్ట్రములకు పంచనిశ్చయించిరి. కోట్లమీద సుంకము పుచ్చుకొని లక్షలమీద దయచూపుట! ఆ ధనమున మద్రాసుకు వచ్చిన భాగముతో 1935లో చేనేతపనివారల రాష్ట్ర సహకారసంఘము ఏర్పడెను. నేడు ‘కో-ఆప్టెక్స్’ అని తమిళనాడున ప్రసిద్ధమైనది అదియే.

సహకారమను నీ పద్ధతి మన సీమలో వ్రేళ్ళూనినది ఎమ్మిగనూరున. మాచాని సోమప్పగారు పూనుకొని 1938లో అక్కడ నేతపనివారి సహకార ఉత్పత్తి విక్రయ సంఘమును నెలకొల్పిరి. అంతవరకు నేతగాడు షావుకారివద్ద అరువునకు నూలు తెచ్చి, ఆ షావుకారికే చీరను అప్పగించి, నూలు వెలను చీర వెలను రెంటిని అతడే వ్రాసిన పద్దు ప్రకారము ఒప్పుకొనుచుండెను. సంఘము నూలును మొత్తముగా కొని సభ్యుని మగ్గమునకు పంపి, గుడ్డను తూచి చూచి తీసికొని, కూలిని అతని చేతనుంచి, అమ్మకపు భారమును తాను వహించెను. సుంకమును తగ్గింపజాలకపోయినను, సుంకముపేర షావుకారు వేసికొను పైవాటాను తగ్గించెను. చుట్టుప్రక్కల మగ్గములుగల యూళ్ళలో ఈ పద్ధతికి పేరు వచ్చెను.

సంఘమునకు మూడేండ్లు నిండునంతలో, 1941 జూలైలో, బ్రిటిషు ప్రభుత్వమును అమెరికాయు జపాను ఆస్తులను స్తంభింపజేసినవి. ఒసాకాకు పోవు పత్తి ఒక్క దినమున నిలిచెను, పొట్టిపింజ కొనువాడు లేకపోయెను. చేలలో పత్తి మాని తిండిగింజలు వేయుడని ప్రభుత్వము ప్రచారము మొదలిడెను. మరి రెండేండ్లకు, 1943 జూనులో, నూలునకును గుడ్డకును కంట్రోలుటుత్తరువు వచ్చెను. ఆ కంట్రోలు కాలమున చిలపనూలు ఎవరి చేతులమీదుగా గూడూరు మగ్గమునకు చేరెనో, ఎవరి చేతులలో ఆగిపోయెనో, వచ్చు భాగమున చెప్పుదుము.